టర్కీ ఎన్ని పౌండ్లు కొనాలి? మన ఇళ్ళ లెక్క వేరు

అమెరికాలో డాలస్ వచ్చిన రెండో ఏడాది, ఇక్కడివాళ్ళ నవంబరు పండగ థాంక్స్ గివింగ్‌కి 22 పౌండ్ల (పది కిలోల) టర్కీ కోడి కొన్నాం. వస్తామన్నవాళ్ళు 21 మంది. "మనిషికి ఒక పౌండు" అని అందరూ చెప్పేదే కదా, మర్యాదకి ఇంకో పౌండు కలిపాం. గురువారం పొద్దున ప్యాకెట్ విప్పితే లోపల ఇంకా మంచుగడ్డే. మా ఆయన దాన్ని సింక్‌లో చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మారుస్తూ కాపలా కూర్చున్నారు. పౌండుకి అరగంట చొప్పున అది పదకొండు గంటల పని అని మాకు అప్పటికి తెలియదు. చివరికి ఎలాగో ఓవెన్‌లోకి ఎక్కించి, రాత్రి పదిన్నర దాటాక టేబుల్ మీదకి తెచ్చాం. అప్పటికే అందరూ బిర్యానీ, మేక కూర తినేసి చేతులు కడిగేసుకున్నారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నోట్లో పెట్టుకున్నది ఐదుగురో ఆరుగురో. మిగిలిన దాంట్లో సగం నాలుగో రోజు చెత్తబుట్ట పాలైంది.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో అన్నీ చేసి చూశాం. చిన్న పక్షి, రెండు చిన్న పక్షులు, ఉత్త బ్రెస్టు, ఉత్త కాళ్ళు, ఒక ఏడాది బయట వండించినది. ఏది కొనాలన్నది చివరికి మూడు విషయాల మీద తేలుతుంది: ఆ రోజు నిజంగా టర్కీ తినేవాళ్ళు ఎంతమంది, దాని పక్కన ఇంకేం వడ్డిస్తున్నారు, మీ ఫ్రిజ్‌లో ఎంత చోటుంది. మూడోది నవ్వులాటకి చెప్పడం లేదు.

ఆ పౌండు లెక్క ఎవరిది?

మనిషికి పౌండు అన్నది అమెరికా వ్యవసాయ శాఖ కూడా చెప్పే మాటే. అయితే అది మాంసం తూకం కాదు, మొత్తం పక్షి తూకం. ఎముకలు, తోలు, పొట్టలో సంచీలో పెట్టి ఇచ్చే మెడ, కార్జం, కందనకాయ, చాలా ఫ్రోజెన్ పక్షుల్లో ఎక్కించే ఉప్పునీళ్ళు, అన్నీ ఆ పౌండులోనే. కాల్చి, ఎముకలు తీసేశాక చేతికొచ్చేది సుమారు సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. 12 పౌండ్ల పక్షి కొంటే తినే మాంసం ఐదారు పౌండ్లు. పన్నెండుమందికి పంచితే మనిషికి సుమారు 200 గ్రాములు వస్తుంది.

అమెరికన్ ఇంట్లో ఆ రోజు భోజనమంటే టర్కీయే. పక్కన ఆలుగడ్డ ముద్ద, బ్రెడ్డు ముక్కలతో చేసే స్టఫింగ్, బీన్సు, క్రాన్‌బెర్రీ సాస్ ఉంటాయి గానీ ఇంకో మాంసం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పైగా మిగలాలి కూడా. శుక్రవారం టర్కీ సాండ్‌విచ్ తినకపోతే పండగ పూర్తయినట్టు కాదు వాళ్ళకి. అమెరికన్ ఫార్మ్ బ్యూరో ఫెడరేషన్ 1986 నుంచి ఏటా ఈ భోజనం ఖర్చు ఎంతవుతుందో లెక్కగడుతోంది. వాళ్ళు పదిమందికి పెట్టుకున్నది 16 పౌండ్ల టర్కీ. అంటే మనిషికి పౌండున్నర పైమాటే, మిగిలేదానితో కలిపి.

ఇప్పుడు మనం ఊళ్ళో మాంసం తెచ్చే తీరు గుర్తుచేసుకోండి. కిలో మటన్ తెస్తే ఐదుగురికి సరిపెట్టే ఇల్లే ఎక్కువ. ఎముకతో సహా మనిషికి 200 గ్రాములు, అది కూడా పచ్చి మాంసం తూకం. దాంతోనే అన్నం కలుపుకుని, పులుసు జుర్రుకుని, తృప్తిగా లేస్తాం. పౌండంటే 454 గ్రాములు. మనకి అలవాటైనదానికి రెండింతలు దాటిన లెక్క పట్టుకుని, పైన బిర్యానీ, గోంగూర మటన్ కూడా పెడితే మిగలక ఏమవుతుంది?

గురువారం, కార్తీకం, ఇంకొన్ని చిక్కులు

థాంక్స్ గివింగ్ ఎప్పుడూ నవంబరు నాలుగో గురువారమే. 1863లో లింకన్ ప్రకటనతో దేశమంతటికీ ఏటా జరిగే పండగగా పాదుకుంది, నాలుగో గురువారమని చట్టంలో రాసుకున్నది 1941లో. వాళ్ళకి అది ఒట్టి వారం పేరు. మనలో సాయిబాబాకి, రాఘవేంద్రస్వామికి మొక్కుకుని గురువారం మాంసం ముట్టనివాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ వాట్సాప్ గ్రూపు ఒకసారి తిరగేస్తే తెలుస్తుంది. మా ఇంటికి వచ్చేవాళ్ళలోనే ముగ్గురున్నారు. ఏడాదంతా చికెన్ ఇష్టంగా తినేవాళ్ళే, ఆ రోజు మాత్రం పప్పు, పులిహోర.

దీనికి తోడు కార్తీకం. 2023లో థాంక్స్ గివింగ్ నవంబరు 23న వచ్చింది, ఆ రోజు కార్తీక శుద్ధ ఏకాదశి. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారప్పుడు. ఓవెన్‌లోంచి నీచు వాసన వస్తుంటే ఆవిడ పొద్దున్నుంచీ పై అంతస్తు దిగలేదు. 2024లో 28వ తేదీ, అదీ కార్తీకమే. 2025లో పండగ వచ్చేసరికి కార్తీకం వెళ్ళిపోయింది, అందరూ తిన్నారు, అప్పుడు మేం తెచ్చినది చాలలేదు. 2026లో 26వ తేదీ, కార్తీక పౌర్ణమి దాటిన రెండో రోజు. ఈ నెలంతా నియమం పాటించేవాళ్ళు కొందరు, సోమవారాలు మాత్రమే పాటించేవాళ్ళు కొందరు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు ఇంకొందరు. అందుకే టర్కీ కొనేముందు క్యాలెండర్ చూస్తాను నేను. పంచాంగం చూసి టర్కీ కొంటావా అని మా తమ్ముడు వెక్కిరిస్తాడు. చూడకుండా కొన్నవాళ్ళ ఫ్రీజర్ నేను చూశాను.

"ఎంతమంది వస్తున్నారు" అని అడిగే బదులు గ్రూపులో "టర్కీ ఎవరెవరు తింటారు, చెయ్యెత్తండి" అని పెట్టండి. ఎవరూ నొచ్చుకోరు. వచ్చిన జవాబుల్లో పదేళ్ళ లోపు పిల్లల్ని సగం మనిషిగా వేసుకోండి. "రుచి చూస్తాంలే" అన్నవాళ్ళని కూడా సగమే. ఈ రెండో రకం మనలో చాలామంది. టర్కీ మాంసానికి నాటుకోడి పసందు ఉండదని అందరికీ తెలుసు, ఒక ముక్క తీసుకుని బాగుందంటారు, మళ్ళీ ఆ పక్కకి రారు.

తినేవాళ్ళు తేలాక, తూకం

ఇది నా అనుభవం మీద కుదిరిన లెక్క, ఎవరి సర్టిఫికెట్టూ లేదు దీనికి. మొత్తం పక్షి తూకంలో చెబుతున్నాను.

బల్ల మీద మాంసం టర్కీ ఒక్కటే అయితే అమెరికా లెక్కే సరైనది. తినే మనిషికి పౌండు, మర్నాటికి కూడా కావాలంటే పౌండున్నర. టర్కీతో పాటు ఇంకొక్క మాంసం వంటకం ఉంటే మనిషికి ముప్పావు పౌండు చాలు. బిర్యానీ, మేక కూర, చేపల వేపుడు అంటూ తలా ఒకటి తెచ్చే పాట్‌లక్ సాగితే అర పౌండు దాటకండి. అప్పటికీ కొంచెం మిగులుతుంది.

విడి భాగాలైతే అంకెలు మారతాయి. ఎముకతో ఉన్న బ్రెస్టులో పొట్టలోని సంచీ, కాళ్ళు, రెక్కల బరువు ఉండదు కాబట్టి, టర్కీ ఒక్కటే మాంసమైనా మనిషికి ముప్పావు పౌండు సరిపోతుంది. ఎముక లేనిదైతే అర పౌండు. కాళ్ళు, తొడలు లెక్కపెట్టి కొనేయొచ్చు. ఒక టర్కీ కాలు మన కోడి లెగ్ పీసులా ఒకరి పళ్ళెంలో పెట్టేది కాదు, ఇద్దరికి వస్తుంది.

మొత్తం పక్షా, ముక్కలా?

నన్నడిగితే మన నాలుకకి ముక్కలే నయం. కారణం ఉప్పూ కారం. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా దట్టించి రాత్రంతా ఉంచినా 14 పౌండ్ల పక్షి బ్రెస్టులోకి అరంగుళం కూడా దిగదు. పైన తోలు ఘాటుగా, లోపల తెల్లటి చప్పిడి పీచు. అదే తొడలు, కాళ్ళు విడిగా తెచ్చి, కత్తితో గాట్లు పెట్టి మసాలా పట్టిస్తే ఎముక దాకా రుచి ఉంటుంది. టర్కీ కాళ్ళ మాంసం ముదురు రంగులో, కొంచెం కొవ్వుతో ఉంటుంది, పులుసుకీ దమ్‌కీ నిలుస్తుంది. బ్రెస్టులో కొవ్వు దాదాపు ఉండదు, పది నిమిషాలు ఎక్కువైతే పిడచకట్టుకుపోతుంది.

ఇంకో కారణం ఉడుకు. టర్కీలో ఏ భాగమైనా లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితేనే తినడానికి పనికొస్తుందని వ్యవసాయ శాఖ చెబుతుంది. మొత్తం పక్షిని పెడితే తొడ ఆ వేడి అందుకునేలోగా బ్రెస్టు దాటిపోతుంది. పక్షి ఎంత పెద్దదైతే ఈ తేడా అంత ఎక్కువ. విడి భాగాలైతే దేన్ని ఎప్పుడు తీయాలో మన చేతిలో ఉంటుంది.

అయినా మొత్తం పక్షి కొనాల్సిన ఇళ్ళు ఉంటాయి. ఇక్కడ బడికెళ్ళే పిల్లలు నవంబరు రాగానే అరచేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి టర్కీ బొమ్మ తెస్తారు. ఫ్రిజ్ మీద ఆ బొమ్మ అతికించుకుని, పండగ రోజు బల్ల మీద రెండు కాళ్ళు తెచ్చిపెడితే వాళ్ళ మొహం చూడలేం. అమెరికన్ వియ్యంకులో, ఆఫీసువాళ్ళో భోజనానికొస్తున్నా మొత్తం పక్షి ఉంటేనే బాగుంటుంది. అలాంటప్పుడు నేను చేసేది: ముచ్చటకి దొరికినవాటిలో చిన్న పక్షి ఒకటి, కడుపులకి విడిగా ఒక జత కాళ్ళు, తొడలు. పక్షి మీద ఉప్పు, మిరియాలు, వెన్న మాత్రమే, ఘాటంతా కాళ్ళలో. ఎవరికి కావలసినది వాళ్ళు తీసుకుంటారు.

ఒక పెద్దదా, రెండు చిన్నవా?

20 పౌండ్లు కావలసి వస్తే ఒక్క పక్షి కొనకండి. పదేసి పౌండ్లవి రెండు తెచ్చుకోండి. 325 డిగ్రీల దగ్గర 8 నుంచి 12 పౌండ్ల పక్షి సుమారు మూడు గంటల్లో అవుతుంది, 20 నుంచి 24 పౌండ్లది నాలుగున్నర నుంచి అయిదు గంటలు. అంతసేపూ ఓవెన్ ఇంకెవరికీ దక్కదు. బిర్యానీ ట్రేలు వేడిచేయడానికి వచ్చిన నలుగురు మీ వంటింట్లో నిలబడి ఉంటారు. పల్చటి అల్యూమినియం ట్రేలో 22 పౌండ్ల పక్షిని ఎత్తితే ట్రే మధ్యకి వంగిపోతుంది, మరిగే నూనె చేతుల మీదకే. నాకు కుడి మణికట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

రెండు చిన్నవాటితో ఇంకో లాభం ఉంది. నాలుగు కాళ్ళు, నాలుగు రెక్కలు, దెబ్బలాటలు తక్కువ. ఒకటి మసాలాతో, ఒకటి చప్పగా చేసుకోవచ్చు. ఓవెన్ వెడల్పు సరిపోకపోతే ఒకటి ముందు రోజే కాల్చి, కోసి, ఫ్రిజ్‌లో పెట్టేయండి. పెద్దదాని పక్షాన చెప్పాలంటే, ఎముకతో పోలిస్తే మాంసం వాటా దాంట్లో కొంచెం ఎక్కువ. ఆ కొంచెం కోసం నేనైతే పడను. అమ్మేచోట పదహారు పౌండ్ల లోపువి ఎక్కువగా పెట్టలు, పైవి పుంజులు. రుచిలో తేడా ఉందనేవాళ్ళు ఉన్నారు, నాకు తెలియలేదు.

పది పౌండ్ల కన్నా చిన్న టర్కీ మామూలు స్టోర్లలో దొరకడం కష్టం. మీ లెక్క ఏడెనిమిది పౌండ్లకి తేలితే బ్రెస్టుకి వెళ్ళిపోండి, లేదా టర్కీ మాటే మరిచిపోయి కార్నిష్ కోళ్ళు తెచ్చుకోండి. పౌండున్నర ఉంటాయి, సగం సగం కోస్తే ఒక్కొక్కటి ఇద్దరికి. పళ్ళెంలో చూడముచ్చటగా ఉంటాయి, మసాలా పడుతుంది, గంటలో అవుతాయి. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

ఫ్రోజెన్, ఫ్రెష్

ధర చూస్తే ఫ్రోజెన్‌దే గెలుపు. పండగ ముందు రెండు వారాల్లో సూపర్‌మార్కెట్లు జనాన్ని రప్పించడానికి ఫ్రోజెన్ టర్కీని బాగా తగ్గించి అమ్ముతాయి, ఇంత కొంటే పక్షి ఉచితమనీ పెడతాయి. 2024లో ఫార్మ్ బ్యూరో లెక్కలో 16 పౌండ్ల ఫ్రోజెన్ పక్షి ధర 25 డాలర్ల 67 సెంట్లు, పౌండు డాలరు అరవై. సగం ఎముకలే కదా అని వేసుకున్నా మాంసం పౌండు మూడు డాలర్ల పైచిలుకు. అదే రోజు ఇండియన్ స్టోర్‌లో మేక మాంసం ధర తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పనక్కర్లేదు. ఎముక లేని బ్రెస్టు దగ్గరికొచ్చేసరికి ఈ లాభం చాలావరకు పోతుంది, పౌండు ధర బాగా పెరుగుతుంది.

ఆ ఉచిత పక్షే చాలామందిని ముంచేది. ఉచితం కదా అని 20 పౌండ్లది తెస్తారు. కరిగించే సంగతి తర్వాత గుర్తొస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు పౌండ్లకి ఒక రోజు చొప్పున కరుగుతుంది. 12 పౌండ్లకి మూడు రోజులు, 16కి నాలుగు, 20 దాటితే అయిదారు. గురువారం పొద్దున వండాలంటే 16 పౌండ్లది ఆదివారం పొద్దున్నే ఫ్రీజర్ దిగాలి, శనివారం రాత్రి దిగితే ఇంకా మంచిది. కరిగాక ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఆగుతుంది కాబట్టి ముందే దించినందుకు నష్టం లేదు. బయట గట్టు మీద పెట్టి కరిగించకండి. లోపల గడ్డగా ఉండగానే పై మాంసం పాడయ్యే వేడికి వచ్చేస్తుంది.

ఈ అయిదు రోజులూ దానికి ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం కావాలి. మన ఫ్రిజ్‌ల సంగతి మీకు తెలుసు. దోసెల పిండి గిన్నె, పెరుగు గిన్నె, అరడజను పచ్చళ్ళ సీసాలు, మొన్నటి సాంబారు. కొనేముందు టేపుతో అర ఎత్తు కొలవండి. పచ్చి మాంసం నీళ్ళు కిందకి కారతాయి కాబట్టి అడుగు అరలో, అంచున్న ట్రేలో పెట్టాలి. పూజకి దాచిన పాలూ పెరుగూ అదే ఫ్రిజ్‌లో ఉండే ఇళ్ళలో ఇది ఇంకో గొడవ. మా వదిన ఇందుకోసమే గరాజ్‌లో రెండో ఫ్రిజ్ పెట్టించింది.

ఫ్రెష్ అని రాసి ఉన్నది 26 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా కిందికి ఎప్పుడూ చల్లార్చనిది. ధర ఎక్కువ, ముందే చెప్పి పెట్టుకోవాలి, వండటానికి ఒకటి రెండు రోజుల ముందే తెచ్చుకోవాలి. ఫ్రిజ్ చిన్నది, పనిదినాల్లో తీరిక లేదు అనుకునేవాళ్ళకి ఆ ఎక్కువ డబ్బు దండగ కాదు. ఇక హలాల్ కావాలనుకునేవాళ్ళు ఆ దుకాణాల్లో నెల మొదట్లోనే అడిగి పెట్టుకోండి. అక్కడ తూకం ఎంచుకునే వీలు తక్కువ, ఉన్నదాన్ని బట్టి సర్దుకోవాలి.

ఏది కొన్నా లేబుల్ మీద ద్రావణం ఎంత శాతం ఉందని రాశారో చూడండి. ఎనిమిది శాతం అని ఉంటే 12 పౌండ్లలో దాదాపు పౌండు ఉప్పునీళ్ళే. డబ్బు సంగతి అటుంచండి. దానికి మళ్ళీ మామూలుగా ఉప్పు పట్టిస్తే నోట పెట్టలేం. యూదుల ఆచారం ప్రకారం తయారైన కోషర్ టర్కీ కూడా ముందే ఉప్పు వేసినదే.

అన్నట్టు, పసుపూ ఉప్పూ వేసి కడగడం మన చేతులకి అలవాటు. టర్కీని కడగొద్దంటుంది వ్యవసాయ శాఖ, చిందిన నీళ్ళతో క్రిములు సింక్ చుట్టూ పడతాయని. మా అమ్మ దగ్గర ఈ మాట అనే ధైర్యం నాకు లేదు. కడిగాక సింక్, గట్టు వేడి సబ్బునీళ్ళతో నేనే తోముకుంటాను.

వండినది కొంటే?

స్టోర్లూ హోటళ్ళూ వండిన టర్కీని, పక్క వంటకాలతో కలిపి, డబ్బాల్లో ఇస్తాయి. పదిమందికి సరిపోతుందని రాసి ఉంటుంది. అది అమెరికన్ పదిమంది. పైన చెప్పిన పాట్‌లక్ లెక్కలో ఇరవై మందికి వస్తుంది. చాలావాటిని చల్లగా ఇస్తారు, ఇంటికొచ్చాక రెండు గంటలు వేడిచేయాలి, అంటే ఓవెన్ తప్పలేదు. పొగపెట్టి వండినది తెస్తే రుచి నాకు నచ్చింది, ఆవకాయ పక్కన పెట్టుకుంటే ఇంకా నచ్చింది. శాకాహారులున్న ఇళ్ళకి ఒక మాట: ఆ డబ్బాల్లోని స్టఫింగ్, గ్రేవీ చాలావరకు టర్కీ రసంతోనే చేస్తారు. చూడ్డానికి బ్రెడ్డులా ఉంది కదా అని వడ్డించకండి.

నూనెలో మొత్తం పక్షిని వేయించే ముచ్చట మాత్రం మానుకోండి. అమెరికాలో ఇళ్ళలో వంట మంటలు అన్నిటికన్నా ఎక్కువగా లేచేది ఈ పండగ రోజే. సరిగ్గా కరగని పక్షిని మరిగే నూనెలో దింపితే ఏమవుతుందో తడి జీడిపప్పు వేయించినవాళ్ళకి కూడా తెలుసు.

మిగిలేది ముందే తేల్చుకోండి

ఫ్రిజ్‌లో వండిన టర్కీకి మూడు నాలుగు రోజులే ఆయుష్షు. అదీ వండిన రెండు గంటల్లోపు లోపలికి వెళితే. ఆరింటికి రమ్మంటే ఎనిమిదింటికి వచ్చే జాతి మనది, ఆ రెండు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుపెట్టుకోవాలి. అందుకే నేను వంటింట్లోనే కోసి, మొదటి విడతకి చాలినంతే ట్రేలో సర్ది, మిగతాది మూతపెట్టి ఓవెన్‌లో 140 డిగ్రీలకి తగ్గకుండా వేడిగా ఉంచుతాను.

మర్నాడు ఏం చేస్తారో తెలిస్తే తూకం పెంచుకోండి, తెలియకపోతే పెంచకండి. మా ఇంట్లో బ్రెస్టు పీచులు తీసి కరివేపాకు, పచ్చిమిర్చి, మిరియాలతో వేపుడు చేస్తాను, శుక్రవారం చారన్నంలోకి అదే. కాళ్ళ ముక్కలు శనివారం దమ్ బిర్యానీకి. అది ఉడికిన మాంసం కాబట్టి మసాలా కూర ముందు చేసుకుని, చివర్లో ముక్కలు కలిపి, ముప్పావు ఉడికిన అన్నం పైన పేర్చి సన్నసెగన ఉంచితే చాలు. ఎముకల గూడు పారేస్తే మీ ఇష్టం గానీ నా మనసు ఒప్పదు. మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి వేసి రెండు గంటలు మరిగిస్తే జలుబుకి మందులాంటి రసం వస్తుంది. ఈ ఊళ్ళో నవంబరు ఆఖరికి ప్రతి ఇంట్లో ఒకరికి జలుబు ఉండనే ఉంటుంది.

ఇవేవీ చేసే ఓపిక లేకపోతే వచ్చినవాళ్ళకి డబ్బాలు కట్టి పంపండి. అదీ లెక్కలో వేసుకోండి, కాకపోతే డబ్బా తీసుకెళ్ళేవాళ్ళు ముందుగా అడిగేది బిర్యానీనే.

మూడు ఇళ్ళు

భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు, పక్కింటి జంట. అందరూ తింటారు, మాంసం టర్కీ ఒక్కటే. నలుగురు పెద్దలకి నాలుగు, పిల్లలిద్దరికి ఒకటి, మొత్తం అయిదు తిండ్లు. ఎముకతో ఉన్న అయిదు పౌండ్ల బ్రెస్టు. రెండు గంటల్లో అవుతుంది, మర్నాటికి కొంచెం మిగులుతుంది. పిల్లలకి కాలు పట్టుకుని తినే సరదా ఉంటే విడిగా ఒక కాలు.

పాతికమంది పాట్‌లక్. శాకాహారులు ఏడుగురు, గురువారం వాళ్ళు నలుగురు, పిల్లలు ఆరుగురు, మిగిలిన ఎనిమిదిమంది పెద్దల్లో "రుచి చూస్తాం" బాపతు నలుగురు. తొమ్మిది తిండ్లు తేలాయి. బిర్యానీ, మేక కూర కూడా వస్తున్నాయి. అర పౌండు చొప్పున నాలుగున్నర పౌండ్లు. ఇంతమంది ఉన్న ఇంట్లో మొత్తం పక్షి ఉండాలి అని పట్టుబడితే పది పౌండ్లది తెచ్చి, సగం మిగులుతుందని ముందే ఒప్పుకోండి. పాతిక పౌండ్లు తేకండి, నేను తెచ్చి చూశాను.

పన్నెండుమంది, అందులో అల్లుడి తరఫు అమెరికన్లు ఆరుగురు, భోజనం వాళ్ళ పద్ధతిలో. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పౌండున్నర లెక్కన 18 పౌండ్లు కావాలి. 12 పౌండ్ల పక్షి, దానికి తోడు ఎముకతో అయిదారు పౌండ్ల బ్రెస్టు. పక్షి బల్ల మధ్యలో, బ్రెస్టు వంటింట్లో ముందే కోసి సిద్ధంగా. థర్మామీటర్ తప్పనిసరి. పక్షితో వచ్చే ప్లాస్టిక్ సూది పైకి లేచేదాకా ఆగితే చాలాసార్లు బ్రెస్టు ఎండిపోతుంది. తీసిన వెంటనే కోయకుండా అరగంట ఆగితే రసం ముక్కలోనే ఉంటుంది. ఆ అరగంటలో ఓవెన్ ఖాళీ, పక్క వంటలు వేడెక్కించుకోవచ్చు.

ఈసారి మా ఇంట్లో చేతులెత్తింది పదకొండుమంది, నలుగురు పిల్లలతో కలిపి. 12 పౌండ్ల ఫ్రోజెన్ పక్షి, రెండు తొడలు రాసుకున్నాను. చిట్టచివర మా తమ్ముడు మాల వేసుకుంటున్నానని ఫోన్ చేశాడు, తొడలు కొట్టేశాను. ఆదివారం పొద్దున దోసెల పిండి అయిపోగొట్టి, ఆ గిన్నె ఉన్నచోట దాన్ని దించాలి.